వేలి కణుపుల వాపు: ఎలర్జీ ఏది, కీళ్ళవాతం ఏది?

మన కుటుంబాలలో ఎవరికైనా వేళ్ళు వాచినప్పుడు ఈ కాలంలో మొదట వినబడే మాట "ఎలర్జీ". రంగు పడలేదని ఒకరు, వంకాయ పడలేదని ఒకరు, నీళ్ళు మారినందువల్లనని మరొకరు చెబుతారు. మందుల దుకాణంలో దురద మాత్ర ఒకటి తెచ్చుకొని మళ్ళీ మగ్గంలో దిగుతారు. షోలాపురం, భివండీ, బళ్ళారి, సేలం, బరంపురం, యానాం – ఎక్కడ స్థిరపడినా మనవారిలో ఈ అలవాటు ఒక్కటే. వాపు నిజంగా ఎలర్జీ అయితే ఆ మాత్రతో తగ్గవచ్చు. కాకపోతే పథ్యాలతోనూ మాత్రలతోనూ నెలలు గడిచిపోతాయి. కొందరికి ఆ నెలలలోనే కణుపు లోపలి ఎముక దెబ్బతినడం మొదలవుతుంది.

అచ్చు అతికేటప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా బొటనవేలు, చూపుడువేలి నడుమ నులిమి కలుపుతాము. తెగిన పోగును వెతికి పట్టేదీ, కండె మార్చేదీ, నాడె సరిచేసేదీ ఆ వేళ్ళే. మరమగ్గం దగ్గరైనా ముడి వేయవలసినది చేతి వేళ్ళే. కనుక వాపులలో రకాలు తెలిసి ఉండడం మన వృత్తికి అవసరమైన జ్ఞానం. ముఖ్యంగా గమనించవలసినవి మూడు: వాపు ఎంత కాలం ఉంటున్నది, ఎక్కడ ఉన్నది, దురద పెడుతున్నదా లేక వేలు బిగుసుకుపోతున్నదా.

ఎలర్జీ అనగా నేమి?

మన ఒంటిలో రోగక్రిములను ఎదిరించే రక్షణశక్తి ఒకటి ఉన్నది. హాని లేని వస్తువును కూడా అది శత్రువుగా ఎంచి ఎదురు తిరిగితే దానిని ఎలర్జీ అంటాము. ఈ మాటను 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించాడు. అంతకు ముందు సంవత్సరం, 1905లో, ఆయనా బేలా షిక్ అనే సహచరుడూ కలిసి ఒక జబ్బును వర్ణించారు. గుర్రపు రక్తం నుండి తీసిన విరుగుడు సూది మందు పుచ్చుకున్న పిల్లలలో కొందరికి కొన్ని రోజుల తరువాత జ్వరం, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, వాపులు వచ్చేవి. అంటే ఎలర్జీకీ కీళ్ళకూ సంబంధం బొత్తిగా లేదనడానికి వీలులేదు. పాముకాటు విరుగుడు మందు మన దేశంలో నేటికీ గుర్రపు రక్తం నుండే తయారవుతున్నది. ఆ మందు పుచ్చుకున్న వారం, రెండు వారాలకు దద్దుర్లతో కీళ్ళు వాస్తే అది ఈ జాతిదే కావచ్చును; వెంటనే వైద్యునికి తెలుపవలెను. అట్లని పాము కరిచినప్పుడు ఆ మందుకు వెనుకాడరాదు. ప్రాణం నిలిపేది అదే.

నిజమైన ఎలర్జీ వాపులు

మొదటి రకం ఉన్నట్టుండి వచ్చే వాపు. రొయ్యలు తిన్న తరువాతనో, నొప్పి మాత్ర మింగిన తరువాతనో, కందిరీగ కుట్టిన తరువాతనో నిమిషాలలో లేక గంటలలో వేళ్ళు, పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. తరచు దద్దుర్లు, దురద ఉంటాయి. సాధారణంగా ఒకటి రెండు రోజులలో గుర్తు లేకుండా పోతుంది. ఇందులో ఉబ్బేది చర్మమూ దాని క్రింది పొరా. కణుపు లోపల జబ్బు లేదు. దీనికి సెట్రిజిన్ వంటి మాత్రలు పనిచేస్తాయి. వాటివల్ల కొందరికి నిద్రమత్తు వస్తుంది గనుక మాత్ర వేసుకొని మరమగ్గం నడపరాదు. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా మాత్రతో కాలయాపన చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను. అక్కడ ఇచ్చే ఎడ్రినలిన్ సూది ప్రాణరక్షకం.

రెండవ రకం అద్దకం పనివారికి తెలిసినదే. వేళ్ళ సందులలో, చేతి వెనుక ఎరుపు, దురద, నీటి పొక్కులు, ఆ తరువాత పగుళ్ళు. చర్మం దళసరెక్కి వేలు వాచినట్టు కనబడుతుంది. రంగులు, క్రోమియం ఉప్పులు, రబ్బరు తొడుగులు కూడా కొందరికి పడవు. కాస్టిక్ సోడా, బ్లీచింగు పొడి చేసేది ఎలర్జీ కాదు. అవి ఎవరి చర్మాన్నైనా కాలుస్తాయి. చేతికంటిన రంగు వదలడానికి బ్లీచింగుతో, హైడ్రోసుతో తోముకునే అలవాటు మానవలెను. 1956లో బజారుకు వచ్చిన రియాక్టివ్ రంగుల పొడి గాలిలో లేచి ముక్కులోకి పోతే కొందరికి తుమ్ములు, ఉబ్బసం పట్టుకుంటాయి. పొడిని గాలి వీచేచోట విప్పకుండా, ముక్కుకు మంచి ముసుగు కట్టుకొని, మెల్లగా నీటిలో కలుపవలెను. చేతులకు నైట్రిల్ తొడుగులు, పని ముగిశాక సాదా సబ్బు, తడి ఆరాక కొబ్బరినూనె లేక వాజలైన్ చాలును. ఏ రంగు పడదో చర్మవైద్యులు వీపు మీద పట్టీలు అతికించి పరీక్షించి చెప్పగలరు. ఊహమీద అన్ని రంగులూ మానవలసిన పనిలేదు.

ఎలర్జీ కాని వాపులు

ఇక అసలు జాగ్రత్త పడవలసినది కీళ్ళవాతం, అనగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇందులోనూ ఎదురు తిరిగేది ఒంటి రక్షణశక్తే. అయితే అది బయటి వస్తువుపైన కాక మన కీళ్ళ లోపలి పొరపైననే దాడి చేస్తుంది. అందుచేత దురద మాత్రలు దీనిని తాకవు. పురుషులకంటే స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. దీని గుర్తులు ఇవి: పిడికిలి కణుపులు, వేళ్ళ నడిమి కణుపులు, మణికట్లు మెత్తగా వాస్తాయి, తరచు రెండు చేతులకూ వస్తుంది, దురద ఉండదు. తెల్లవారి లేవగానే వేళ్ళు ముడుచుకోవు, ఆ బిగువు సడలడానికి అరగంట, గంట, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. పిడికిలి కణుపుల వరుసను రెండు ప్రక్కల నుండి మెల్లగా నొక్కితే చాలా నొప్పి. అలసట, సన్నజ్వరం తోడు కావచ్చు. కొందరికి మొదట్లో రెండు మూడు రోజులు వాచి పూర్తిగా తగ్గి మళ్ళీ వస్తుంది. అదే మనవారిని మోసగించేది. వచ్చి పోతున్నది గనుక ఎలర్జీయేనని తలుస్తారు.

రెండవది అరుగుదల. వేళ్ళ చివరి కణుపులు, బొటనవేలి మొదలు గట్టిగా బొడిపెలు కట్టినట్టు పెరుగుతాయి. పొద్దుటి బిగువు కొద్ది నిమిషాలే; పని చేసిన కొద్దీ నొప్పి పెరుగుతుంది. చేతిపని తీరుకూ దీనికీ సంబంధం ఉన్నది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు ఉన్ని మిల్లు ఒకదానిలో ఏండ్ల తరబడి ఒకే పని చేసిన స్త్రీల చేతులను వైద్యులు పరీక్షించి 1978లో ఫలితాలు ప్రకటించారు. వేళ్ళ కొసలతో ముడులు ఏరే పనివారికి వేళ్ళలోనూ, కండెలు చుట్టే పనివారికి మణికట్టులోనూ మార్పులు ఎక్కువగా కనిపించాయి. అచ్చు అతికేవారూ రాట్నం త్రిప్పేవారూ ఆలోచించవలసిన విషయమిది.

మూడవది చికున్‌గున్యా. దోమకాటు వల్ల వచ్చే ఈ జ్వరం 1973లో షోలాపురం జిల్లా బార్శీలోనూ, 2006లో కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, ఆంధ్ర ప్రాంతాలన్నిటా వ్యాపించింది. జ్వరం పోయాక కూడా వేలి కణుపుల వాపు నెలల తరబడి ఉండవచ్చును. వాపుకు ముందు జ్వరం వచ్చిందా అన్నది గుర్తుంచుకొని చెప్పవలెను. సొరియాసిస్ చర్మవ్యాధి ఉన్నవారికి గోళ్ళు గుంటలు పడి వేలంతా ఉబ్బడం కలదు. ఒకే ఒక కణుపు ఎర్రగా, వేడిగా, భరించలేని నొప్పితో వాచి జ్వరం వస్తే చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పోవలెను.

ఆలస్యం వద్దు

కీళ్ళవాతంలో ఎముకకు నష్టం చాలామందికి మొదటి రెండు సంవత్సరాలలోనే కలుగుతుంది. వంకర తిరిగిన వేలిని ఏ మందూ మునుపటివలె చేయలేదు. మొదటి నెలలలోనే చికిత్స ఆరంభిస్తే జబ్బు అణగి ఉండి పని సాగేవారు చాలామంది. కనుక పొద్దుటి బిగువుతో కూడిన వాపు రెండు మూడు వారాలు దాటితే ఆగరాదు. వంకాయ, గోంగూర, చింతపండు మానితే తగ్గునేమో చూద్దామని మూడు నెలలు గడపడం ఏ మాత్రమూ మంచిది కాదు. ఈ జబ్బుకు కారణం ఫలానా కూరయని రుజువు కాలేదు. బీడీ, సిగరెట్టు పొగ మాత్రం జబ్బు రావడానికీ ముదరడానికీ తోడ్పడుతుందని రుజువైంది. మానవలసినది అది.

రక్తపరీక్షలో "ఆర్.ఏ. ఫాక్టర్" కనబడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కనబడనంత మాత్రాన లేనట్టూ కాదు. వైద్యుడు చేతులు చూసి, ఇ.ఎస్.ఆర్., యాంటీ సి.సి.పి. వంటి పరీక్షలతో కలిపి నిర్ణయించవలసినదే.

మందుల సంగతి

కీళ్ళవాతానికి నేడు వైద్యులు సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940ల దశకంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుండి వెలువడిన మందు ఇది. దీనితోపాటు వైద్యులు వ్రాసే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసినదీ ఆయన బృందమే. ఈ మందును వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలెను. రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఫలానా వారమని చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాయించుకొని, ఇంటిల్లిపాదికీ తెలియజేయండి. రక్తపరీక్షలు తప్పరాదు, మద్యం కూడదు. గర్భిణులు వేసుకోరాదు, బిడ్డను కోరుకునే స్త్రీలు ముందుగానే వైద్యునికి చెప్పవలెను. ఫలితం కనబడడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా నిరాశతో మానరాదు.

ఒక్క పూటలో నొప్పి మాయం చేసే పేరులేని పొడులు, బిళ్ళల విషయంలో జాగ్రత్త. వీటిలో స్టెరాయిడు కలిపి అమ్మడం పలుచోట్ల బయటపడింది. 1948లో కార్టిసోన్ అనే స్టెరాయిడు మొదటిసారి ఇచ్చినప్పుడు మంచాన పడ్డ కీళ్ళరోగి లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధకులకు నోబెల్ బహుమతి వచ్చింది. కాని ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బడం, చక్కెర జబ్బు, ఎముకలు గుల్లబారడం కూడా త్వరలోనే తెలిసివచ్చాయి. వైద్యుని లెక్కలో అది మంచి మందే. లెక్క లేకుండా విషం. చాలాకాలం వాడినదానిని ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే.

మగ్గం దగ్గర, ఇంటిదగ్గర

పొద్దున లేవగానే గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు చేతులుంచి వేళ్ళను మెల్లగా ముడిచి చాపవలెను. వేడిగా వాచి ఉన్నప్పుడు గుడ్డ చుట్టిన చన్నీటి కాపడం మేలు. గంటకొకసారి కొద్ది నిమిషాలు చేతులకు విశ్రాంతి ఇవ్వండి. నాడె విసిరే తాడు పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు సులువవుతుంది. వాపు మొదలుకాగానే ఉంగరాలు తీసివేయవలెను. ఇరుక్కుంటే మనకు చేతనైన ఉపాయమే ఉన్నది: పట్టు పోగు ఒక కొసను ఉంగరం క్రిందుగా అరచేతి వైపుకు దూర్చి, మిగిలిన పోగును ఉంగరం అంచు నుండి కణుపు మీదుగా వేలి కొన వైపు దగ్గర దగ్గరగా బిగించి చుట్టి, దూర్చిన కొసను వేలి కొన వైపు లాగుతూ విప్పుతూ పోతే ఉంగరం జరిగి వస్తుంది. వేలు నల్లబడినా, తిమ్మిరెక్కినా ప్రయత్నించక కోయించుకోవలెను.

వైద్యునికి ఏమి చెప్పవలెను?

పరభాష ప్రాంతాలలో మనవారికి ఒక ఇబ్బంది ఉన్నది. "ఎలర్జీ" మాట అన్ని భాషలలోనూ చెల్లుతుంది గనుక పెద్దవారు ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. వైద్యుడూ ఆ త్రోవనే పోవచ్చు. జబ్బు పేరు మనము చెప్పనక్కరలేదు. గుర్తులు చెప్పితే చాలు. వాపును మరాఠీలో సూజ్ అనీ, తమిళంలో వీక్కం అనీ, కన్నడంలో బావు అనీ, ఒరియాలో ఫులా అనీ అంటారు. బడికి పోయే పిల్లలచేత స్థానిక భాషలో ఒక చీటీ వ్రాయించి తీసుకొనిపోండి: ఎన్నాళ్ళుగా, ఏ ఏ కణుపులు, పొద్దున ఎంతసేపు బిగువు, దురద ఉన్నదా, ముందు జ్వరం వచ్చిందా, ఏ మందులు వాడినారు, ఏ రంగులతో పని. వాపు ఉన్న రోజున ఫోనుతో చేతుల ఫోటో తీసి ఉంచితే, తగ్గిన రోజున పోయినా చూపించవచ్చు.

షోలాపురంలో డాక్టర్ వైశంపాయన్ స్మారక కళాశాల, బరంపురంలో ఎం.కె.సి.జి., సేలంలో మోహన్ కుమారమంగళం, బళ్ళారిలో ప్రభుత్వ వైద్య కళాశాల, యానాంవారికి దగ్గరలో కాకినాడ రంగరాయ కళాశాల – ఈ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు మనవారికి అందుబాటులో ఉన్నవే. శాఖా సంఘాల కార్యదర్శులు నెలకొకసారి పేటలో విచారించి, పొద్దున వేళ్ళు ముడవలేని అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఎవరైనా ఉంటే తోడుగా ఒకరినిచ్చి పంపవలెనని కోరుతున్నాము. ఒక పూట కూలి పోతుందని వెనుకాడేవారికి ఆ పూట కూలి సంఘనిధి నుండి ఇచ్చినా తక్కువ ఖర్చే.