ఎనభైలోనూ వీడ్కోలు చెప్పని గిటార్లు

అమెరికాలో ఏఏఆర్‌పీ అని యాభై దాటినవాళ్ల కోసం పెద్ద సంఘం ఒకటుంది. పింఛను, ఆరోగ్య బీమా, మందుల ధరలు... దాని గొడవంతా ఇదే. 2024లో రోలింగ్ స్టోన్స్ బృందం అమెరికా, కెనడాల్లో తిరిగిన కచేరీ యాత్రకు స్పాన్సరు ఎవరనుకున్నారు? ఆ సంఘమే! యాత్ర ముగిసిన వారంలోపే గాయకుడు మిక్ జాగర్‌కు 81 నిండాయి. అంతకు ఐదేళ్ల ముందు, 2019 ఏప్రిల్‌లో, ఆయన గుండెకు కొత్త కవాటం వేశారు. జూన్‌లో షికాగో స్టేడియంలో మళ్లీ వేదికంతా కలియతిరిగారు. తండ్రి వ్యాయామం మాస్టారు లెండి!

ఇదే బృందం 2003 ఏప్రిల్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడింది. హైదరాబాదులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. జాగర్‌కు అప్పుడే 59. ఇంకెన్నాళ్లు పాడతారులే అనిపించే వయసే!

ఇక కచేరీలకొచ్చే జనం లెక్కల దగ్గరికొస్తే నాకు అన్నీ అనుమానాలే. రాడ్ స్టివార్ట్ 1994 డిసెంబరు 31 రాత్రి రియో డి జనీరోలోని కోపకబానా తీరంలో ఉచితంగా పాడితే 35 లక్షల మంది వచ్చారని గిన్నిస్ లెక్క. కానీ ఆ రాత్రి ఆ తీరానికి జనం బాణసంచా కోసం ఎలాగూ వస్తారు. పుష్కర స్నానానికి వచ్చినవాళ్లందరినీ గట్టు మీద హరికథ చెప్పే దాసుగారి ఖాతాలో వేసినట్టుంది. అదే తీరంలో 2006లో స్టోన్స్ పాడినప్పుడు పది లక్షలని కొందరు, పదిహేను లక్షలని కొందరు అన్నారు. మధ్యలో ఐదు లక్షల తేడా! టికెట్టు చించిన లెక్కయితే కాస్త నమ్మొచ్చు. 1990లో అదే ఊళ్లో, మరకానా స్టేడియంలో, పాల్ మెకార్ట్‌నీని చూడటానికి 1,84,000 మంది డబ్బు కట్టి వచ్చారు.

ఆ మెకార్ట్‌నీయే 2022 జూన్‌లో, 80 నిండిన వారానికి, ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ప్రధాన గాయకుడు. అక్కడ ఒంటరిగా ఆ స్థానంలో నిలిచినవాళ్లలో అంత పెద్ద వయసువాళ్లు అంతకుముందు లేరు. దాదాపు మూడు గంటలు పాడారు. కచేరీలో గుక్కెడు మంచినీళ్లయినా తాగరని ఆయనకు పేరు. గొంతు మునుపటిలా లేదన్నది నిజమే, పై స్వరాల దగ్గర సన్నగా బీటలు వినిపిస్తాయి. అయితే ఆ రాత్రి ఒక పాటలో, 1969లో మేడ మీద తనతో పాడిన పాత బృందం సహచరుడు జాన్ లెనన్ తెర మీద కనిపించాడు. పాత టేపులోంచి గొంతు మాత్రం విడదీసి వినిపించారు. మెకార్ట్‌నీ తెరవైపు తిరిగి, 1980లో చనిపోయిన స్నేహితుడితో గొంతు కలిపారు. బీటల సంగతి అప్పుడెవరికి కావాలి?

వీడ్కోలు యాత్రలదో వింత. ఎల్టన్ జాన్ 2018లో మొదలుపెట్టి 2023లో స్టాక్‌హోంలో ముగించారు. మొత్తం 330 కచేరీలు, వసూళ్లు 90 కోట్ల డాలర్ల పైమాటే. ఆయన మాట మీద నిలబడ్డ రకం. ద హూ బృందం 1982లో ఒకసారి వీడ్కోలు చెప్పింది. 2025లో అమెరికాలో మళ్లీ చెప్పింది.

వీడ్కోలు చెప్పినవాళ్లలో గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌ది వేరే కథ. పార్కిన్సన్స్‌తో నడవలేని స్థితిలో, 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో సింహాసనం మీద కూర్చుని పాడారు. ఆ స్టేడియం ఉన్న పేటలోనే ఆయన పెరిగారు. సరిగ్గా 17 రోజులకు కన్నుమూశారు.

లక్షలూ కోట్లూ పక్కనబెట్టి నన్నడిగితే, అసలు రికార్డు చక్ బెర్రీది. సెయింట్ లూయిస్‌లో బ్లూబెర్రీ హిల్ అనే హోటలుంది. దాని కింది అంతస్తులో కొన్ని వందల మంది పట్టే గది. అందులో 1996 నుంచి 2014 దాకా నెలకోసారి చొప్పున 209 కచేరీలు చేశారు. చివరి కచేరీ నాటికి ఆయన 88వ పుట్టినరోజుకు ఇంకా మూడు రోజులే ఉంది. ఆయన గిటారు పాటొకటి 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికే వెళ్లింది. అలాంటి మనిషిని ఊరివాళ్లు నాలుగు మెట్లు దిగి, చేతికందే దూరంలో నిలబడి చూసేవారు.

బెర్రీ పద్ధతులూ విడ్డూరమే. పరాయి ఊరికి గిటారు పెట్టె ఒక్కటే పట్టుకుని వెళ్లేవారు. వాద్యగాళ్లను ఆ ఊరివాళ్లే చూడాలి, డబ్బు ముందే నగదుగా చేతిలో పడాలి, రిహార్సలు మాత్రం ఉండదు. 1973లో అలా వెనక వాయించిన కుర్రాళ్లలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఒకరు. ఏ పాటలు పాడదామండీ అని అడిగితే, చక్ బెర్రీ పాటలు అని జవాబిచ్చారట. ఆ కుర్రాడే 2012లో, 62 ఏళ్ల వయసులో, హెల్సింకీలో 4 గంటల 6 నిమిషాలు ఏకబిగిన పాడాడు.

బాబ్ డిలాన్ 1988లో మొదలుపెట్టిన తిరుగుడు మూడు వేల కచేరీలు దాటింది. 1941లో పుట్టిన మనిషి. నోబెల్ వచ్చినా ఆగలేదు. పాత పాటల బాణీలు ఎంతలా మార్చేస్తారంటే, సగం పాటయ్యాక గానీ అది ఏ పాటో జనానికి అర్థం కాదు. ఈ మధ్య ఆయన కచేరీల్లో గుమ్మం దగ్గరే ప్రేక్షకుల ఫోన్లను సంచుల్లో పెట్టి తాళం వేస్తున్నారు. సంచీ మన దగ్గరే ఉంటుంది, బయటికొచ్చేటప్పుడు తాళం తీస్తారు. నిన్న రాత్రి ఎలా పాడారో ఫోన్లో చూద్దామనుకుంటే కుదరదు, టికెట్టు కొనుక్కుని వెళ్లాల్సిందే.