వర్ణము వేరైన దత్తసంతానము – మత్తునుండి రక్షణ

తల్లిదండ్రులు లేని శిశువునకు ఇల్లు లభించుట మహాభాగ్యము. భారతదేశమునుండియు, కొరియా మున్నగు దేశములనుండియు ఎందరో శిశువులు ఐరోపా, అమెరికా కుటుంబములకు దత్తత వెళ్ళిరి. మన దేశముననే ఒక రాష్ట్రమున పుట్టిన బిడ్డ వేరొక రాష్ట్రమున పెరుగుటయు కలదు. ఇట్టి బిడ్డల రూపము పెంచినవారి రూపమును పోలియుండదు. "నీ వెవరి బిడ్డవు? ఎచటినుండి వచ్చితివి?" అని బడిలో, వీధిలో ఇతరులు పలుమారు ప్రశ్నింతురు.

1970–79 మధ్య జన్మించి, అన్యదేశములనుండి స్వీడనుకు దత్తత వచ్చిన 11,320 మందిని గూర్చిన పరిశోధన 2002లో ప్రకటితమైనది. వారిలో అధికసంఖ్యాకులు క్షేమముగనే యున్నారు. ఐనను మద్యమునకు, మాదకద్రవ్యములకు లోబడినవారు సాటి యువజనులలోకంటె వీరిలో హెచ్చుగ కనిపించిరి.

దీనికి వర్ణము కారణము కాదు. శైశవమున పొందిన లేమి, తోడివారి పరిహాసము, "నేనెవరివాడను?" అను వేదన, ఇవి మనస్సును క్రుంగదీయును. వ్యసనమునకు వంశానుగతమైన మొగ్గు కొందరిలో ఉండవచ్చును; కాని మొగ్గు మాత్రముచేత ఎవరును వ్యసనపరులు కారు. ఒంటరియైన బిడ్డను ఆదరించు మొదటి గుంపు చేతిలో సీసా యున్నచో, ఆ సీసాయే స్నేహమని బిడ్డ భ్రమపడును. కావున ఆదరము ఇంటనే ముందుగ లభింపవలెను.

దత్తత విషయమును బాల్యమునుండియే ప్రేమతో తెలుపవలెను. పుట్టినచోటి భాషను, వంటను, పండుగలను, ఆ ప్రాంతపు పెద్దలను బిడ్డకు పరిచయము చేయవలెను. అవమానము జరిగినదని బిడ్డ చెప్పినపుడు "అది లెక్క పెట్టకుము" అని త్రోసివేయక, ఉపాధ్యాయులతో మాటాడవలెను. ఎంత కోపము వచ్చినను "నీవు మా రక్తము కావు" అను మాట నోట రారాదు.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏండ్లవరకు సాగును. చిన్నవయసున ప్రారంభమైన మత్తు వ్యసనముగ మారుట సులభము. కావున పొగాకు, మద్యము కూడదని స్పష్టముగ చెప్పి, పెద్దలును అట్లే వర్తింపవలెను. నిద్ర, చదువు, స్నేహములు అకస్మాత్తుగ మారినచో నిందింపక వైద్యుని సంప్రదింపవలెను. మన దేశమున 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యద్వారా సలహా లభించును.

భారతీయ దత్తసంతానము తమ పుట్టుక వివరములకై, 2022 నాటి దత్తత నిబంధనల ననుసరించి, 18 ఏండ్లు నిండిన పిదప స్వయముగను, అంతకుముందు పెంచిన తల్లిదండ్రులతో కలసియు అర్థింపవచ్చును. ఆ కోరిక కృతఘ్నత కాదు. ఆ వెదకులాటలో తోడు నిలుచుటయు తల్లిదండ్రుల ధర్మమే.