లెక్కలు మనవి, తాళంచెవి ఎవరిది?

ఎల్లారెడ్డిలో ఒక ఎరువుల, విత్తనాల దుకాణం ఉంది. దాని యజమాని ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్నవాడే. కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగర్ ప్రాజెక్టుకు దగ్గరలో ఉన్న ఊరు ఎల్లారెడ్డి. చుట్టుపక్కల వరి, మక్కజొన్న, చెరకు పండిస్తారు. రైతు వానాకాలం మొదట్లో ఎరువు బస్తాలు తీసుకుపోయి, పంట చేతికి వచ్చాక డబ్బు కడతాడు. దీన్నే మా వైపు ఉద్దెర అంటారు. ఇలాంటి దుకాణంలో అన్నిటికంటే విలువైన వస్తువు ఏమిటో చెప్పగలరా? బాకీల లెక్క.

2018లో ఒకనాడు కరెంటు హెచ్చుతగ్గులకు ఆ దుకాణంలోని కంప్యూటరు కాలిపోయింది. మావాడు కంగారు పడలేదు. ప్రతి రాత్రీ లెక్కల ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవడం అతని అలవాటు. కామారెడ్డి వెళ్లి కొత్త కంప్యూటరు తెచ్చుకున్నాడు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. లెక్కలు రాసే ప్రోగ్రాము పాత యంత్రానికే ముడిపడి ఉంది. కొత్త యంత్రంలో అది నడవాలంటే, అమ్మిన సంస్థ మరో రహస్య సంఖ్య ఇవ్వాలి. ఆ చిన్న సంస్థ అప్పటికే మూతపడింది. ఫైలును వేరే విధంగా తెరిచి చూస్తే అర్థంలేని గుర్తులు తప్ప మరేమీ కనిపించలేదు.

"సారూ, లెక్కలన్నీ నా చేతులనే ఉన్నయి, కని ఒక్కటి సదవొస్తలేదు" అన్నాడు.

అదే దుకాణంలో పై అరమీద అతని తండ్రిగారు రాసిన ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాలున్నాయి. వాటిలో 1986 నాటిది ఒకటి తీసి చూశాను. ఏ రైతు ఎన్ని బస్తాలు తీసుకున్నాడో, ఎంత కట్టాడో ఒక్క నిమిషంలో చదవగలిగాను. ముప్పై ఏళ్లు దాటిన కాగితం మాట్లాడుతోంది. ముందురోజు రాత్రి రాసిన ఫైలు నోరు విప్పడం లేదు. ఎందువల్ల? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే కంప్యూటరు ప్రపంచంలోని ఒక గొప్ప ఆలోచన మనకు ఎదురవుతుంది.

జవాబూ, చేసిన విధానమూ

లెక్కల పరీక్షలో మీరు జవాబు ఒక్కటే రాసి, చేసిన విధానం చూపకపోతే పూర్తి మార్కులు వేస్తామా? వేయము. విధానం చూస్తేనే జవాబు సరైనదో కాదో, తప్పయితే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

కంప్యూటరు ప్రోగ్రాము కూడా ఒక విధానమే. ఏ పని తరవాత ఏ పని చేయాలో వరుసగా చెప్పే ఆదేశాల పట్టిక అది. మనిషి దాన్ని తాను చదవగలిగే భాషలో రాస్తాడు. దీన్ని సోర్స్ కోడ్, అంటే మూల పాఠం అంటారు. యంత్రానికి అర్థమయ్యేవి సున్నాలూ ఒకట్లూ మాత్రమే. కాబట్టి కంపైలర్ అనే మరో ప్రోగ్రాము ఈ మూల పాఠాన్ని లక్షలాది 0, 1 అంకెల వరుసగా మారుస్తుంది. సాధారణంగా దుకాణదారుకు అమ్మేది ఈ రెండో రూపాన్నే. దాన్నుంచి మూల పాఠాన్ని తిరిగి రాబట్టడం మహా కష్టం. గిర్నీలో కలిపి పట్టించిన పిండిని చూసి అందులో జొన్నలెన్నో గోధుమలెన్నో చెప్పమన్నట్లుంటుంది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక రైతు బాకీ 5,000 రూపాయలు. వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు అనుకుందాం. ఆరు నెలలకు వడ్డీ ఎంత? 5,000ను 2తోనూ, 6తోనూ గుణించి 100తో భాగించండి. 600 రూపాయలు వస్తుంది. ఇప్పుడు రైతు ఆరు నెలల మూడు రోజులకు డబ్బు తెచ్చాడు. ప్రోగ్రాము రాసినవాడు "నెలలో ఒక్కరోజు గడిచినా పూర్తి నెలగా లెక్కించు" అని ఒక పంక్తి రాసి ఉంటే, వడ్డీ 700 అవుతుంది. రోజుల లెక్కన అయితే సుమారు 610 మాత్రమే. తెరమీద 700 అని కనిపించగానే రైతు నమ్ముతాడు, దుకాణదారూ నమ్ముతాడు. మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు. కాని ఆ పంక్తిని ఇద్దరిలో ఒక్కరైనా చూడలేదు. మూల పాఠం అందరికీ అందుబాటులో ఉంటే, తెలిసినవారు ఎవరైనా ఆ పంక్తిని చదివి, సరిచేయవచ్చు.

ఈ ఆలోచన ఎలా పుట్టింది?

మొదట్లో ప్రోగ్రాములకు వేరే వెల ఉండేది కాదు. యంత్రం కొంటే ప్రోగ్రాములు దానితోపాటే వచ్చేవి. మూల పాఠాన్ని విశ్వవిద్యాలయాలవారు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనేవారు. 1969లో ఐ.బి.ఎం. సంస్థ ప్రోగ్రాములను యంత్రం నుంచి విడదీసి అమ్ముతామని ప్రకటించింది. క్రమంగా ప్రోగ్రాము ఒక సరుకైంది, మూల పాఠం రహస్యమైంది.

అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. అక్కడి ముద్రణ యంత్రంలో కాగితం ఇరుక్కుంటే వెంటనే అందరికీ కబురు అందేలా వారు ప్రోగ్రామును మార్చుకున్నారు. తరవాత కొత్త యంత్రం వచ్చింది. కాగితం అందులోనూ ఇరుక్కునేది. కాని ఈసారి దాని మూల పాఠం ఇవ్వడానికి నిరాకరించారు. చేతిలో విద్య ఉండి కూడా తమ యంత్రాన్ని తాము బాగుచేసుకోలేని స్థితి అది. 1983లో స్టాల్‌మన్ 'గ్నూ' అనే పథకం ప్రకటించాడు. ప్రోగ్రామును వాడేవారికి నాలుగు స్వేచ్ఛలుండాలన్నాడు: ఏ పనికైనా వాడుకోవడం, మూల పాఠం చదివి మార్చుకోవడం, ప్రతులు ఇతరులకు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. 1989లో ఈ స్వేచ్ఛలను చట్టబద్ధం చేసే జి.పి.ఎల్. లైసెన్సు వచ్చింది. ఈ లైసెన్సు ఉన్న ప్రోగ్రామును మార్చి ఇతరులకు ఇచ్చేవారు మూల పాఠం కూడా అందుబాటులో ఉంచాలి.

1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి లినక్సు రాయడం మొదలుపెట్టాడు. కంప్యూటరు లోపలి పనులన్నిటినీ నడిపించే ముఖ్య భాగం అది. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది దానికి చేయి వేశారు. ఈ తరహా సాఫ్ట్‌వేరుకు 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో వచ్చింది. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్సే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ దానితోనే నడుస్తున్నాయి.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలున్నాయి. అందువల్ల అక్కడివారు తరచు తికమక పడతారు. తెలుగులో మనకా ఇబ్బంది లేదు. ఇక్కడ ముఖ్యమైనది స్వేచ్ఛ. హైదరాబాదు కేంద్రంగా తెలుగులో కంప్యూటరును నడిపే పనికి పూనుకున్న సంస్థ కూడా 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది.

వ్యాపారానికి దీనితో ఏం పని?

పొలంలో బోరు మోటారు కాలిపోతే రైతు ఏం చేస్తాడు? కామారెడ్డిలో తనకు నచ్చిన వైండింగు దుకాణానికి తీసుకుపోతాడు. ఒక మెకానిక్ ఎక్కువ అడిగితే ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. మోటారు చేసిన కంపెనీ మూతపడినా పొలం ఎండదు. అదే మోటారును విప్పడానికి వీల్లేకుండా అతికేసి, కంపెనీ మనిషి తప్ప మరొకరు ముట్టరాదంటే? మావాడి లెక్కలకు పట్టిన గతి అదే.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో వ్యాపారికి కలిసివచ్చేది ముఖ్యంగా ఇదే. రాసినవారు వదిలేసినా, మూల పాఠం ఉంది కనుక ఆ విద్య తెలిసిన మరొకరు అందుకోవచ్చు. అందుకే పెద్ద సంస్థలు కూడా తమ సమాచారాన్ని పోస్ట్‌గ్రెస్ వంటి ప్రోగ్రాముల్లో భద్రపరుస్తాయి. చిన్న వ్యాపారికి పట్టికలు వేసుకోవడానికి లిబ్రే ఆఫీస్ ఉంది. జంటపద్దు విధానంలో ఖాతాలు రాయడానికి గ్నూక్యాష్ ఉంది. సరుకు, జీతాలు, అమ్మకాలు అన్నీ ఒకేచోట చూసుకోవాలనేవారికి ముంబాయిలోని ఫ్రాపే సంస్థ చేసిన ఇ.ఆర్.పి. నెక్స్ట్ ఉంది. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లో తన కార్యాలయాలకు ఓపెన్ సోర్స్ విధానాన్ని ప్రకటించింది.

ఇంకో సంగతి గమనించండి. ప్రోగ్రాము తెరిచి ఉన్నంత మాత్రాన చాలదు. ఫైలు రాసే పద్ధతి కూడా తెరిచి ఉండాలి. లిబ్రే ఆఫీస్ వాడే ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఆ పద్ధతి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కనుక, ఒక ప్రోగ్రాము పోయినా మరొకటి ఆ ఫైలును చదవగలదు. తండ్రిగారి ఖాతా పుస్తకానికి ఉన్న గుణం ఇదే. ఆయన రాసిన లిపి అందరికీ తెలిసినది.

అయితే మన లెక్కలు అందరూ చూసేస్తారా?

తరగతిలో ఈ విషయం చెప్పినప్పుడు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. చూడలేరు. తాళం ఎలా పనిచేస్తుందో పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది. అయినా మీ ఇంటి తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది కదా! రహస్య లిపి పద్ధతి శత్రువుకు తెలిసినా, తాళంచెవి తెలియనంత వరకు అది భద్రంగా ఉండాలని కెర్కాఫ్స్ అనే పండితుడు 1883లోనే చెప్పాడు. ఓపెన్ సోర్స్‌లో తెరిచి ఉంచేది పద్ధతిని. లెక్కలూ, రహస్యపదమూ యజమానివే.

అలాగని ఇది తప్పులకు అతీతమని అనుకోకండి. బ్యాంకులూ దుకాణాలూ రహస్యంగా సమాచారం పంపడానికి వాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో 2012లో ఒక లోపం చొరబడింది. మూల పాఠం అందరి ముందూ ఉన్నా 2014 వరకు అది బయటపడలేదు. పుస్తకం తెరిచి ఉంటే చాలదు, చదివేవారు ఉండాలి. 2024 మార్చిలో ఇంకొకటి జరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరు పనిచేయడంలో సుమారు అర సెకను ఆలస్యాన్ని గమనించాడు. ఎందుకా అని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో కావాలని దాచిన దొంగదారిని పట్టుకున్నాడు. మూల పాఠం చూసే అవకాశం లేకపోతే ఆ అనుమానం అనుమానంగానే మిగిలేది.

ఖర్చు కూడా ఉంటుంది. ప్రోగ్రాముకు వెల లేకపోయినా నేర్చుకోవడానికి కాలం పడుతుంది, అమర్చిపెట్టేవారికి కూలి ఇవ్వాలి, ఎప్పటికప్పుడు కొత్త సవరణలు వేసుకోవాలి.

మా దుకాణం సంగతి

మావాడు చివరకు రైతులనే పిలిచాడు. ఇళ్లలో చూరు కింద, పెట్టెల్లో దాచుకున్న రసీదులు వాళ్లు తెచ్చి ఇచ్చారు. రెండు వారాలు కూర్చుని అన్నీ తిరగరాశాం. రసీదు లేనిచోట రైతు చెప్పిన మాటే లెక్క అయింది. ఒక ముసలాయన తన బాకీ 8,400 అన్నాడు; మావాడికి 9,000 అని గుర్తు. ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా ఒకరినొకరు ఎరిగినవారు. ఆ పూట ఇద్దరి మధ్యా మాట పెరిగింది. మావాడు 8,400కే ఒప్పుకున్నాడు గాని, ముసలాయన తరవాతి యాసంగికి ఆ దుకాణం మెట్లెక్కలేదు. లెక్క చదవలేకపోతే డబ్బుతోపాటు నమ్మకం కూడా పోతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అతను లెక్కలను గ్నూక్యాష్‌లో రాస్తున్నాడు. నేర్చుకోవడానికి నెల పట్టింది. అమర్చిపెట్టిన కామారెడ్డి కుర్రవాడికి కూలి ఇచ్చాడు. నెలకోసారి బాకీల పట్టికను మామూలు అక్షరాల ఫైలుగా తీసి, కాగితం మీద కూడా అచ్చువేసి పెట్టుకుంటాడు.

మీరు చేసి చూడండి

1. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, పెద్దల అనుమతితో సెట్టింగుల్లో ఫోను గురించిన భాగంలోకి వెళ్లి, చట్టపరమైన సమాచారం తెరవండి. అక్కడ పొడవైన లైసెన్సుల జాబితా కనిపిస్తుంది. అందులో మీరు ఈ వ్యాసంలో చదివిన పేర్లేమైనా ఉన్నాయేమో వెతకండి.

2. బడి కంప్యూటరులో ఏదైనా పట్టిక ప్రోగ్రాము తెరిచి, ఐదుగురు స్నేహితుల పేర్లూ మార్కులూ రాయండి. దాన్ని సి.ఎస్.వి. అనే రూపంలో భద్రపరచి, మామూలు అక్షరాలు రాసే ప్రోగ్రాములో తెరవండి. పేర్లూ అంకెలూ మధ్య కామాలతో చక్కగా కనబడతాయి. ఈసారి అదే పట్టికను ఆ ప్రోగ్రాము సొంత రూపంలో భద్రపరచి, అలాగే తెరిచి చూడండి. తేడా ఏమిటో రాసుకోండి.

3. మీ ఊళ్లో కంప్యూటరు వాడే ఏ దుకాణానికైనా వెళ్లి, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ప్రోగ్రాము రేపు ఆగిపోతే, మీ లెక్కలు వేరేచోట చదవడానికి వీలుంటుందా?" జవాబు తెలియదంటే, ఆయనతో కలిసి మీరే కనుక్కోండి.