ఆత్మహత్యలు - నివారణోపాయములు

గోలకొండ కోటనుండి పురానాపూల్‌కు వచ్చు పాతబాటపై కార్వాన్ కలదు. కుతుబ్‌షాహీల కాలమున వర్తకుల బిడారులు విడిసిన తావగుటచే దాని కా పేరు వచ్చినది. అందొక భాగమును నేటికిని కార్వాన్ సాహు అందురు. వజ్రముల వర్తకులతోపాటు వడ్డీకి రొక్కమిచ్చు సాహుకార్లచట వసించిరి. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున నిజాం ప్రభుత్వమే అట్టివారియొద్ద అప్పు చేసెడిది. ప్రభుత్వము అప్పు చేసిన అది రాజ్యవ్యవహారము; పేదరైతు చేసిన అది పరువుప్రతిష్ఠల మాట. ఆత్మహత్యలను గూర్చిన ప్రసంగమును మేము సాహుకార్ల పేటనుండి ఆరంభించుటకు కారణ మిదియే. వ్యాధి, తాగుడు, ఇంటి కలహము, పరీక్షలో తప్పుట - ఈ మరణముల కెన్నియో కారణములు పెనవేసికొని యుండును. కాని మన ప్రాంతమున వాని వెనుక అప్పును, అప్పును మించిన సిగ్గును తరచుగా కానవచ్చుచున్నవి.

మనోబలము లేనివారే ఇట్టి పని చేయుదురని లోకులందురు. అదే నిజమైనచో ఈ మరణములు అన్ని ఊళ్లలోను, అన్ని ఏండ్లలోను ఇంచుమించు సమానముగ నుండవలెను గదా! అట్లుండవు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పురుగు తగిలి పత్తిపంట పోయిన ఏడాది రైతులు వరుసగా ప్రాణములు తీసికొనిరి. వారందరు ఆ యేడు మాత్రమే పిరికివారైరా? విత్తనము, పురుగుమందు, అప్పు - మూడును పెక్కుచోట్ల ఒకే దుకాణమున దొరకెడివి. పంట పోగానే ఆ దుకాణము ముందునుండి నడచుటకే ముఖము చెల్లలేదు. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ సంఘము బ్యాంకు ఋణ మందని కౌలురైతుల దుస్థితిని ఎత్తిచూపినది. ఆ యేడే మృతుల కుటుంబములకు లక్షన్నర రూపాయల సాయము నిర్ణయింపబడినది. భూమి తన పేర లేని కౌలుదారుని భార్య మాత్రము, ఆయన రైతే యని రుజువు చేయలేక కచ్చేరీల చుట్టు తిరుగవలసివచ్చెను.

ఇట్టి తారతమ్యమే కెనడా ఆదివాసులయందును కనబడినది. ఆ దేశపు ఉత్తరాగ్రమున హిమభూములయందు వసించు ఇన్యూట్ ప్రజలలో యువకుల ఆత్మహత్యలు దేశపు సగటుకు అనేక రెట్లు హెచ్చు. పసిబిడ్డలను దూరపు బడులకు తరలించుట, సంచారజీవనము మాన్పి స్థిరనివాసములలో కుదుర్చుట మొదలగువాని గాయములు తరతరములకు పాకినవి. అయితే ఆ దేశపు పడమటి తీరమందలి బ్రిటిష్ కొలంబియాలో చాండ్లర్, లలాండ్ అను పండితులు ఆదివాసి సమాజములను పరిశీలించి 1998లో ఒక విశేషము ప్రకటించిరి. సగమునకు పైగా సమాజములలో వారు చూచిన ఆరేండ్లలో ఒక్క యువకుడును ఆత్మహత్య చేసికొనలేదు. తమ పాలన, భూమి హక్కుల పోరాటము, బడి, వైద్యము మున్నగునవి తమ చేతిలో నున్నకొలది ఆ మరణములు తగ్గుచు వచ్చినవి. భేదము వారి చుట్టునున్న ఏర్పాటులలో కానవచ్చినది.

మన నగరమునకే మరల వత్తము. 2020 చివర చేతిఫోనులో క్షణములో అప్పులిచ్చు యాపుల వేధింపునకు తాళలేక తెలంగాణమున కొందరు ప్రాణములు విడిచిరి. కార్వాన్ సాహుకారు ఎంత కఠినుడైనను ముఖ మెరిగినవాడు. కాళ్లు పట్టుకొని గడువడుగవచ్చును. ఈ క్రొత్త సాహుకారుకు ముఖమే లేదు. ఋణగ్రస్తుని ఫోనులోని పేర్లన్నియు తీసికొని చుట్టపక్కాలకెల్ల దూషణలు పంపెడివాడు. పోలీసులు కేసులు పెట్టి పలువురిని పట్టుకొనిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాపులు ఫోనులోని పేర్ల జాబితాను తాకరాదని శాసించినది. సిగ్గును ఆయుధముగా వాడువాని చేతినుండి ఆ ఆయుధమును లాగుకొనుటయు నివారణమే.

మరొక ఉపాయమును శ్రీలంక చూపినది. మిక్కిలి విషపూరితములైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధింపగా, 1995లో లక్షకు 47గా నున్న ఆత్మహత్యలు తరువాతి రెండు దశాబ్దులలో మూడింట రెండువంతులకు పైగా తగ్గినవి. చావవలెనను తీవ్రమైన తలంపు పెక్కుసారులు కొద్ది గడియలలో దాటిపోవును; ఆ గడియలలో ప్రమాదకరమైన వస్తువు చేతి కందకుండుట ప్రాణరక్ష. కావున పురుగుమందులను, మందుబిళ్లలను తాళము వేసి మరొకరి వశమున నుంచుడు.

"ప్రాణము తీసికొనవలెనని అనిపించుచున్నదా?" యని అడిగిన లేని ఆలోచన పుట్టునని పెద్దలు జంకుదురు. పుట్టదు, అడిగినందున ఎదుటివారి గుండెబరువు తగ్గును. అట్టివారిని ఒంటరిగా విడువక వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు. పోలీసు కేసగునను భయముతో దాచిపెట్టువారు నేటికిని కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము అట్టి యత్నమును తీవ్రమైన మనోవ్యథగా నెంచి చికిత్స చేయుమన్నది; పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షనుకు 2024 జులై 1నుండి అమలులోనున్న న్యాయసంహితలో తావే లేదు.

2022 అక్టోబరునుండి టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ నడచుచున్నది. సంఖ్య 14416. రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. ఇంటిలో ఒకరికి కష్టము కలిగినపుడు ఏమి చేయవలెనో తోచని బంధువులును ఆ సంఖ్యకే పిలువవచ్చును.