క్రిప్టో: కొనేముందు తాళంచెవి సంగతి

క్రిప్టోకరెన్సీ నోటూ కాదు, నాణెమూ కాదు. ఎవరి పేర ఎంత ఉందో రాసి పెట్టిన పద్దు. ఆ పద్దు పుస్తకం ఏ ఒక్క బ్యాంకు చేతిలోనూ ఉండదు. ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో అదే పుస్తకం ఉంటుంది కాబట్టి ఒకచోట దిద్దినా చెల్లదు. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రం ఈ పద్ధతిని వివరించింది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ తొలి బ్లాకు పుట్టింది. బిట్‌కాయిన్లు మొత్తం 2.1 కోట్లకు మించి రావు. ఒక్కో కాయిన్‌ను 10 కోట్ల ముక్కలు చేయవచ్చు, అందుకే వంద రూపాయలతోనూ కొనవచ్చు.

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పక్క ఎంఎంటీఎస్ స్టేషన్ బోరబండ. ఐటీ ఉద్యోగులూ, ఆ ఆఫీసులకు క్యాబ్‌లు నడిపేవారూ, వాటి క్యాంటీన్లలో, గేట్ల దగ్గర పనిచేసేవారూ ఇలాంటి బస్తీల్లో పక్కపక్కనే అద్దెకుంటారు. ఫోన్‌లో యూపీఐ ఉన్న ఎవరికైనా క్రిప్టో యాప్ అందుబాటులోనే ఉంది. చిట్టీ వేసేముందు మాత్రం ఇక్కడ అందరూ రెండు ప్రశ్నలు అడుగుతారు: డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? తేడా వస్తే ఎవరిని అడగాలి? క్రిప్టోకు కూడా ఆ రెండు ప్రశ్నలే కొలబద్ద.

చట్టం ఎక్కడుంది?

క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలందించకూడదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కొనడం, అమ్మడం నేరం కాదు. అలాగని అది చెల్లుబాటు కరెన్సీ కూడా కాదు. 2023 మార్చిలో క్రిప్టో వ్యాపారాన్ని మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. కాయిన్లు కొనే, అమ్మే వేదికలైన ఎక్స్ఛేంజీలు కేంద్ర ఆర్థిక శాఖలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి.

నమోదు అంటే హామీ అనుకోకూడదు. బ్యాంకు మూతపడితే డిపాజిట్‌దారుకు రూ.5 లక్షల వరకు బీమా ఉంది. క్రిప్టోకు అలాంటి బీమా లేదు.

కొనే పద్ధతి

నమోదైన ఎక్స్ఛేంజీని ఎంచుకోవడం మొదటి మెట్టు. యాప్‌ను అధికారిక స్టోర్ నుంచే దింపుకోవాలి, టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన లింకు నొక్కి కాదు. పాన్, ఆధార్‌తో కేవైసీ అయ్యాక సొంత పేరున ఉన్న బ్యాంకు ఖాతా నుంచే డబ్బు వేయాలి. కొనుగోలు ధరనూ అమ్మకం ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్న క్షణంలోనే ఎంత తరుగు పోతుందో తెలుస్తుంది. ఖాతాకు పాస్‌వర్డ్‌తో పాటు ఆథెంటికేటర్ యాప్‌తో రెండో తాళం వేయాలి.

ముక్కూమొహం తెలియని వ్యక్తికి నేరుగా కాయిన్లు అమ్మి బ్యాంకులో డబ్బు తీసుకునే పద్ధతిని పీటుపీ అంటారు. అలా వచ్చిన సొమ్ము ఎక్కడో మోసపోయినవారిది అయితే సైబర్ పోలీసుల విచారణలో ఖాతా స్తంభించిపోతుంది. జీతం పడేది కూడా అదే ఖాతా అయితే అద్దె కట్టడానికీ చేతిలో డబ్బుండదు. కొత్తవారు ఆ దారి తొక్కకపోవడమే మేలు.

దాచే పద్ధతి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాయిన్లు ఫోన్‌లో ఉండవు, బ్లాక్‌చెయిన్ పద్దులో ఉంటాయి. ఫోన్‌లోనో పరికరంలోనో ఉండేది వాటిని కదిలించే రహస్య తాళంచెవి మాత్రమే. ఆ తాళంచెవిని దాచేదే వాలెట్. ఎక్స్ఛేంజీలోనే వదిలేస్తే ఆ తాళంచెవి ఎక్స్ఛేంజీది. అది దెబ్బతింటే ఖాతాదారు వరుసలో నిలబడాల్సిందే. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దోచుకున్నారు. పలువురి సంతకాలు కలిస్తే తప్ప తెరుచుకోని వాలెట్ అది. ఆగిపోయిన లావాదేవీలు మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. 2025 జులైలో కాయిన్‌డీసీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయాయి. దోపిడీ జరిగింది కంపెనీ సొంత నిర్వహణ ఖాతాలో కాబట్టి ఆ నష్టాన్ని కంపెనీయే భరించింది.

సొంత వాలెట్ పెట్టుకుంటే తాళంచెవి చేతికొస్తుంది, దాంతో పాటు బాధ్యతంతా నెత్తిన పడుతుంది. వాలెట్ తెరవగానే 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు తెరమీద వరుసగా కనిపిస్తాయి. 2048 పదాల పట్టిక నుంచి యాప్ ఏరిన పదాలవి. వీటిని అదే వరుసలో కాగితంపై రాసి, అక్షరం అక్షరం సరిచూసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. స్క్రీన్‌షాట్ తీయకూడదు, మెయిల్‌లో దాచకూడదు, కస్టమర్ కేర్ పేరుతో ఎవరు అడిగినా చెప్పకూడదు. ఫోన్ పోయినా ఈ పదాలుంటే కొత్త ఫోన్‌లో వాలెట్ తిరిగొస్తుంది. ఈ పదాలు పోతే, ఫోన్ కూడా చెడితే, కాయిన్లు పద్దులో కనిపిస్తూనే ఉంటాయి, వాటిని కదిలించే శక్తి మాత్రం ఎవరికీ ఉండదు. పెద్ద మొత్తాలకు ఇంటర్నెట్‌తో నిత్యం కలిసి ఉండని హార్డ్‌వేర్ వాలెట్ నయం.

కాయిన్లు పంపేటప్పుడు చిరునామా మొత్తం సరిచూడాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండే దొంగ చిరునామాలు తయారుచేసేవారున్నారు. నెట్‌వర్క్ కూడా సరిపోలాలి: యూఎస్‌డీటీ అనే కాయిన్ ఒక్కటే అయినా ట్రాన్ దారి వేరు, ఇథీరియం దారి వేరు. ముందు అతి చిన్న మొత్తం పంపి, చేరిందని తేలాకే మిగతాది పంపాలి. వెనక్కి రప్పించుకునే వీలు లేదు.

పన్ను లెక్క

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది జులై 1 నుంచి అమ్మకం విలువలో 1 శాతం టీడీఎస్‌గా కోసే నిబంధన వచ్చింది. కొత్తవారిని దెబ్బతీసేది నష్టాల నిబంధన. ఒక కాయిన్‌లో రూ.40,000 లాభం, ఇంకో కాయిన్‌లో రూ.40,000 నష్టం వచ్చిందనుకుంటే చేతికి మిగిలింది సున్నా. అయినా లాభంపై రూ.12,000, సెస్సు రూ.480 కలిపి రూ.12,480 కట్టాలి. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు.

నష్టభయం

2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 69 వేల డాలర్లకు చేరింది. ఏడాది తిరిగేసరికి 16 వేల దరిదాపులకు పడింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. శిఖరం మీద కొన్నవారు ఆ ధరను మళ్లీ చూడాలంటే రెండేళ్లకు పైగా డబ్బు కదపకుండా ఆగాల్సి వచ్చింది. అప్పు తెచ్చి పెట్టినవారు, పిల్లల ఫీజు డబ్బు పెట్టినవారు అన్నాళ్లు ఆగలేరు. చిన్నచితకా కాయిన్లలో చాలావాటికి ఆ మాత్రం కోలుకోవడం కూడా ఉండదు.

ధరల పతనం కన్నా దారుణం మోసం. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు రూ.712 కోట్ల మోసం గుట్టు విప్పారు. టెలిగ్రామ్‌లో రేటింగులు ఇచ్చే చిన్న పని, మొదట్లో చిన్న చెల్లింపు, నమ్మకం కుదిరాక పెద్ద పెట్టుబడి: వల ఇలా బిగిసేది. ఫిర్యాదు చేసిన నగరవాసి ఒక్కరే రూ.28 లక్షలు పోగొట్టుకున్నారు. సొమ్ము క్రిప్టోగా మారి దేశం దాటింది. నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరుతో సాగిన గొలుసుకట్టు దందాలో 2024లో పోలీసులు అరెస్టు చేసినవారిలో ప్రభుత్వ ఉపాధ్యాయులూ ఉన్నారు. తెలిసిన మనిషి, గౌరవమైన ఉద్యోగం అనే నమ్మకంతోనే ఇలాంటి దందాలు పాకుతాయి. నెలకింత లాభం ఖాయమన్నా, మరొకరిని చేర్పిస్తే కమీషన్ అన్నా, తెరపై లాభం చూపి అది తీసుకోవడానికి ముందు ‘పన్ను’ కట్టమన్నా అది మోసమే. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా బ్యాంకుల్లోనే ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. క్రిప్టోగా మారాక పట్టుకోవడం చాలా కష్టం.

ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, అప్పులు తీర్చి, ఆరోగ్య బీమా తీసుకున్నాక, మొత్తం పోయినా ఇల్లు ఆగకుండా నడుస్తుందనుకున్నంత డబ్బే క్రిప్టోకు తగినది. సొంత వాలెట్‌కు నామినీ ఉండరు. కాయిన్లు ఉన్నాయనీ, వాలెట్ పదాలు రాసిన కాగితం ఎక్కడుందనీ ఇంట్లో నమ్మకమైన ఒక్కరికైనా తెలియాలి. లేకపోతే యజమానితో పాటే ఆ సొమ్మూ పోతుంది.