జారెడు మోకాటిచిప్ప



ఎదుగు పిల్లలకు పరుగులో ప్రక్కకు తిరిగినపుడు మోకాటిచిప్ప వెలుపలికి జారుట కలదు. కాలు చాపగానే అది తరచు స్వస్థానమునకు వచ్చును. వచ్చినది గదా యని ఊరకుండుట యేల తగదో నేనీనాడు మనవి చేసెదను.

చిప్ప తొడయెముక చివరి గాడిలో, నూతి గిలకపై చేదత్రాడువలె నడచును. లోపలి ప్రక్కనుండి ఒక పలుచని బంధనము దానిని పట్టియుంచును. చిప్ప మొదటిసారి జారినపుడే సాధారణముగా నీ బంధనము తెగును.

తొలిసారికి పెక్కుమందికి శస్త్రచికిత్స యక్కరలేదు. కొన్నాళ్లు పట్టీయు, పిదప తొడకు బలమిచ్చు వ్యాయామమును చాలును. మరల మరల జారినచో లోపలి నునుపైన మృదులాస్థి ఒరసికొని చెడును. చెడినది మునుపటివలె పెరుగదు. అట్టి వారికి వైద్యులు వారి తొడ వెనుకనుండియే సన్నని స్నాయువు నొకదానిని తీసి, చిప్పకును తొడయెముకకును నడుమ క్రొత్త బంధనముగా నమర్తురు.

ఇందొక మెలకువ కలదు. బంధనము తొడయెముకను అంటుచోటి చెంతనే ఎముకను పొడవుగా పెంచు పొర యుండును. దానికి దెబ్బ తగిలినచో కాలు వంకరపోవచ్చును, కురుచ కావచ్చును. కావున ఎదుగు పిల్లలకు ఎక్సురేలో చూచుచు, ఆ పొరను తప్పించి దానికి దిగువగా రంధ్రము చేయుదురు. గాడి మిక్కిలి లోతులేనిదైనను, చిప్ప మరీ ఎత్తున నున్నను, ఈ యొక్క చికిత్సయే చాలకపోవచ్చును.

పిమ్మట వ్యాయామము నెలల తరబడి సాగవలెను. ఆటలకు సుమారు 6 మాసములైన ఆగవలెను.

ఆడపిల్ల కాలికి గాటు పడునని సంకోచింపకుడు. గాటు చిన్నది, అరిగిన కీలు జీవితాంతము బాధించును. చిప్ప జారినంతనే ఎముకల వైద్యునికి చూపుడు.