చూపు పడ్డచోటికే కెమెరా

ఏమర్రా, అమెరికాలోని కేరీలో బాలాజీ గుడికి వెళ్లి పులిహోర తినొస్తారు సరే, పక్కనే మోరిస్‌విల్‌లో ట్రాన్స్‌ఎంటరిక్స్ అని ఒక కంపెనీ ఉండేదని విన్నారా? వాళ్ల 'సెన్‌హాన్స్' ఆపరేషన్ రోబోకి 2017 అక్టోబరులో ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. పుట్టింది ఇటలీలో. డాక్టరు ఎటు చూస్తే దాని కెమెరా అటు తిరుగుతుంది.

కెమెరాకి ఇంత హంగామా ఎందుకంటారా? కీహోల్ ఆపరేషన్‌లో పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా గొట్టం దూరుస్తారు. డాక్టరు రెండు చేతుల్లోనూ పనిముట్లుంటాయి కదా, ఆ గొట్టాన్ని పక్కన జూనియర్ పట్టుకు నిలబడాలి. కాసేపటికి చెయ్యి లాగుతుంది, తెరమీద బొమ్మ వణుకుతుంది. "కొంచెం ఎడమకి... అబ్బ, అంత కాదయ్యా!" ఇదే గోల. 1994లో కాలిఫోర్నియాకి చెందిన కంప్యూటర్ మోషన్ కంపెనీ 'ఈసప్' అనే మరచేతిని తెచ్చి, గొట్టం దానికి అప్పగించింది. తర్వాత అది నోటిమాట వినడమూ నేర్చింది. సెన్‌హాన్స్‌కి ఆ మాటా అక్కర్లేదు.

కిటుకు చెబుతాను. మనకి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు డాక్టరు కళ్లమీద పడి, కార్నియామీద ఒక మెరుపుచుక్క ఏర్పడుతుంది. చూపు తిప్పితే కంటిపాప జరుగుతుంది, చుక్క మాత్రం అంతగా జరగదు. రెంటి మధ్య ఎడం కొలిస్తే చూపెక్కడుందో తేలిపోతుంది. అందరి కళ్లూ ఒక్కలా ఉండవు గనుక ముందే ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లకి సరిచేసుకోవాలి. తల ముందుకు వంచితే బొమ్మ పెద్దదవుతుంది, వెనక్కి తీస్తే చిన్నదవుతుంది.

చిక్కల్లా మన కళ్లతోనే. సెకనుకి రెండు మూడు గెంతులు వేస్తాయవి. చూసిన ప్రతిచోటికీ యంత్రం పరుగెత్తితే అది భస్మాసురుడి వరమే! అందుకే డాక్టరు చేతిలోని పిడిమీది మీట నొక్కినప్పుడే చూస్తున్న చోటు తెర మధ్యకొస్తుంది. చూపు తెర దాటిందా, పనిముట్లు ఆగిపోతాయి. కోతా, కుట్టూ చేతులవే. కంటికి ఎంతవరకు పెత్తనం ఇవ్వాలో అంతే ఇచ్చారు చూడండి, నాకు నచ్చింది అదీ.

2021లో కంపెనీ పేరు అసెన్సస్‌గా మారింది, 2024లో జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ కొనేసింది. ఈ రంగంలో పైచేయి మాత్రం ఇప్పటికీ డావిన్సీ అనే రోబోదే. మీ ఇంట్లో ఎవరికైనా రోబో ఆపరేషన్ అంటే కంగారుపడకండి. అది ఏ కంపెనీదైనా, దాన్ని నడిపే డాక్టరు అలాంటివి ఎన్ని చేశారో ముందు అడగండి.